మౌంట్ బ్లాంక్ చుట్టూ గైడ్ లేకుండా నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

టూర్ డు మౌంట్ బ్లాంక్ అంటే, అందరూ పిలుచుకునే టీఎంబీ అంటే, పశ్చిమ యూరప్‌లోకెల్లా ఎత్తైన పర్వతం చుట్టూ ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మీదుగా తిరిగొచ్చే కాలిబాట. గైడ్‌ను పెట్టుకోకుండా సొంతంగా వెళ్లాలనుకునే తెలుగువాళ్ల నుంచి ఏటా ఇవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## వెళ్లాలా వద్దా అని తేల్చుకునే ముందు

మొత్తం ఎంత దూరం? ఎన్ని రోజులు పడుతుంది?

సుమారు 170 కిలోమీటర్లు. ఎక్కుడంతా కలిపితే దాదాపు 10,000 మీటర్లు, దిగుడూ అంతే. మామూలుగా 10 లేదా 11 రోజుల నడక. కిలోమీటర్లు చూసి "రోజుకు 16 కిలోమీటర్లేగా" అనుకుంటే పప్పులో కాలేసినట్టే. అక్కడ రోజును కొలవాల్సింది ఎక్కుడు దిగుళ్లతో. రోజుకు సగటున 900 మీటర్లు ఎక్కి, మళ్లీ అంతే దిగాలి. తిరుమల 3,550 మెట్ల అలిపిరి దారి ఎక్కుడు అంతకంటే తక్కువే, పైగా చాలామంది కిందికి బస్సులో వచ్చేస్తారు. ఇక్కడ దిగడం కూడా కాళ్లతోనే, మర్నాడు మళ్లీ మొదలు.

తాళ్లు, పర్వతారోహణ అనుభవం ఏమైనా కావాలా?

అక్కర్లేదు. మౌంట్ బ్లాంక్ శిఖరం (సుమారు 4,800 మీటర్లు) ఎక్కం, దాని చుట్టూ తిరుగుతాం. ప్రధాన దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులోని గ్రాండ్ కోల్ ఫెరే కనుమ, 2,537 మీటర్లు. ప్రత్యామ్నాయ దారుల్లో కోల్ దె ఫూర్, ఫెనెత్ర్ దార్పెత్ రెండూ 2,665 మీటర్లు. ఈ ఎత్తులో ఆయాసం ఉంటుంది కానీ, లద్దాఖ్‌లో మాదిరి ఎత్తు జబ్బు అరుదు.

భయపడేవాళ్లు ఒక్కచోట ఆలోచించుకోవాలి. ట్రే లె షాం నుంచి లా ఫ్లెజేర్ వైపు ఎక్కేటప్పుడు నిట్టనిలువు రాతికి బిగించిన ఇనుప నిచ్చెనలు, పట్టుకోవడానికి కమ్మీలు ఉంటాయి. తడిలోనూ, పెద్ద బరువుతోనూ ఇవి ఇబ్బందే. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు కోల్ దె మోంతే మీదుగా పోయే దారి పట్టుకుంటే నిచ్చెనలు తగలవు.

ఏ నెలలో వెళ్లడం మంచిది?

రెఫ్యూజ్‌లు, అంటే కొండ మీది వసతి గృహాలు, దాదాపుగా జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకే తెరిచి ఉంటాయి. జూన్‌లో కనుమల మీద ఇంకా మంచు ఉంటుంది. కొన్నేళ్లు జూలై మొదటి వారం దాకా కరగదు. ముఖ్యంగా కోల్ డు బొనోమ్ నుంచి క్రువా డు బొనోమ్ వరకు పక్కవాటుగా నడిచే ముక్క, కోల్ దె ఫూర్ ఉత్తరపు వాలు. గట్టిపడ్డ మంచు మీద పొద్దున్నే జారితే ఆగడానికి పట్టు దొరకదు. జూలై రెండో వారం నుంచి ఆగస్టు దాకా దారి శుభ్రంగా ఉంటుంది, కాకపోతే జనం, మధ్యాహ్నం ఉరుములు.

మా ఓటు సెప్టెంబరు మొదటి పది రోజులకే. ఆగస్టు చివరి వారంలో ఇదే దారిలో యూటీఎంబీ పరుగు పోటీ జరుగుతుంది, షమోనీ పట్టణంలో గది దొరకడం కష్టం. ఆ వారం తప్పించండి.

పది రోజుల సెలవు లేదు. వారంలో ఏదైనా చేయగలమా?

చేయవచ్చు. ఒక పద్ధతి: ఎక్కువమంది నడక మొదలుపెట్టే ఫ్రాన్స్ ఊరు లెజూష్ నుంచి ఇటలీలోని కూర్మాయూర్ దాకా నాలుగు రోజులు నడిచి, అక్కణ్నుంచి మౌంట్ బ్లాంక్ సొరంగం గుండా బస్సులో షమోనీ చేరుకోవడం. ప్రయాణం సుమారు 45 నిమిషాలు, సీటు ముందే బుక్ చేసుకోవాలి. సొరంగం మరమ్మతులకు మూసే రోజులు ఉంటాయి, తేదీలు చూసుకోండి.

ఇంకో పద్ధతి: లోయలో రోడ్డు పక్కన సాగే ముక్కల్ని బస్సెక్కి దాటేయడం. స్విస్ భాగంలో లా ఫూలీ నుంచి ఒర్సియేర్ మీదుగా షాంపే వరకు బస్సులున్నాయి, ఒక రోజు మిగులుతుంది. లెజూష్ నుంచి బెల్వ్యూ కేబుల్ కార్ ఎక్కితే మొదటి రోజు ఎక్కుడులో 800 మీటర్లు తగ్గుతుంది. ఇలా చేసినవాళ్లను ఎవరూ తక్కువగా చూడరు.

## పడకలు దొరకబుచ్చుకోవడం

ముందు విమానం టికెట్టా, వీసానా, రెఫ్యూజ్ బుకింగా?

రెఫ్యూజే. ఇక్కడే ఎక్కువమంది ప్రణాళిక తలకిందులవుతుంది. ఆఫీసులో సెలవు పెట్టి, టికెట్ కొని, మార్చిలో పడకల కోసం వెతికితే రెండో రాత్రి, మూడో రాత్రి దొరకవు. ఆ రెండూ లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఉపయోగం లేదు. చాలా రెఫ్యూజ్‌లు వచ్చే వేసవి బుకింగులను అంతకు ముందు అక్టోబరు, జనవరి నెలల మధ్యే తెరుస్తాయి. తేదీలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి.

చాలా వసతులకు టీఎంబీ అధికారిక వెబ్‌సైట్‌లో ఒకేచోట ఖాళీలు కనిపిస్తాయి. కొన్ని మాత్రం తమ సొంత సైట్‌లోనో ఈమెయిల్ ద్వారానో తీసుకుంటాయి. బయలుదేరే రోజుకు అటూ ఇటూ ఐదు రోజులు వదులు పెట్టుకుని వెతకండి. ముందు ఇరుకైన చోట్లను ఖాయం చేసుకోండి: లే షాప్యూ లేదా మొత్తే, ఎలిజబెత్తా, బొనాత్తీ, లాక్ బ్లాం. లే కోంతమీన్, కూర్మాయూర్, షాంపే ఊళ్లు కాబట్టి హోటళ్లుంటాయి, అవి తర్వాత చూసుకోవచ్చు.

రెండో రాత్రికి ఎక్కడా ఖాళీ లేదు. ఇప్పుడేం చేయాలి?

లెజూష్‌లోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. ఇది చుట్టుబాట. కూర్మాయూర్ నుంచో షాంపే నుంచో మొదలుపెడితే అవే రెఫ్యూజ్‌లు వేరే తేదీల్లో వస్తాయి, శనివారం రద్దీ తప్పుతుంది. అందరూ అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతారు. సవ్యంగా తిరిగినా దారి అదే, కాకపోతే ఎదురొచ్చేవాళ్లకు పలకరింపులు చెబుతూనే ఉండాలి. అదీ కుదరకపోతే ఇద్దరిద్దరుగా విడిపోయి బుక్ చేయండి. ఆరుగురికి ఒకేసారి లేని చోట ఇద్దరికి తరచూ దొరుకుతుంది.

రెఫ్యూజ్‌లో ఎలా ఉంటుంది?

గోడ పొడవునా వరసగా పరుపులు, లేదా రెండంతస్తుల మంచాలు. ఆడా మగా ఒకే గదిలో. దుప్పటి, దిండు ఇస్తారు. లోపల దూరి పడుకునే సంచీ దుప్పటి (పట్టుదో, నూలుదో) మీరే తెచ్చుకోవాలి, అది లేనిదే పడకమీదికి రానివ్వని చోట్లున్నాయి. బూట్లు, కర్రలు గుమ్మం దగ్గరి గదిలో వదిలేయాలి. వేడినీళ్ల స్నానానికి కొన్నిచోట్ల టోకెన్ కొనాలి, అది కొద్ది నిమిషాలే. ఒళ్లంతా సబ్బు రాసుకున్నాక నీళ్లు ఆగిపోతాయి, ముందు తలస్నానం కానివ్వండి. రాత్రి పదికల్లా దీపాలు ఆర్పేస్తారు. గురకలకు చెవుల్లో పెట్టుకునే బిరడాలు తప్పనిసరి.

సాయంత్రం ఐదు లోపు చేరుకోండి. ఆలస్యమైతే, లేదా రాకపోతే, ఫోన్ చేసి చెప్పడం మర్యాద మాత్రమే కాదు. మీరు తప్పిపోయారేమోనని వెతికించే అవకాశం ఉంది.

డేరా వేసుకుని ఖర్చు తగ్గించుకోవచ్చా?

అధికారిక క్యాంపుల్లో వేసుకోవచ్చు. లే కోంతమీన్, వాల్ వేనీ, లా ఫూలీ, షాంపే, ట్రియాం దగ్గర ఉన్నాయి. లే షాప్యూలో ఒక మైదానం ఇందుకే వదిలారు. ఇష్టమొచ్చిన చోట మాత్రం కుదరదు. స్విస్ భాగంలో నిషేధం. ఇటలీ వైపు 2,500 మీటర్ల కింద అనుమతి లేదు, ఆ పైన నిద్రకు చోటు దొరకడమే అరుదు. ఫ్రాన్స్‌లో అభయారణ్య ప్రాంతాలకు వేరే నియమాలు, సాయంత్రం వేసి పొద్దున్నే తీసేయాలి. డేరా, పొయ్యి, పరుపుతో బరువు 13 కిలోలు దాటుతుంది, ఆ సంగతి కూడా లెక్కలో వేసుకోండి.

## వీసా, బీమా, డబ్బు

మూడు దేశాలు కదా, మూడు వీసాలా?

ఒకటే షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంజెన్‌లో ఉంది. కనుమల మీద సరిహద్దు రాయి తప్ప తనిఖీ కనిపించదు, పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో అక్కడికే దరఖాస్తు చేయాలి. మామూలు టీఎంబీలో అది ఫ్రాన్స్. జెనీవాలో విమానం దిగుతున్నారని స్విస్ వీసాకు వెళ్లకండి. రాత్రులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది.

రుసుము పెద్దలకు 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం చార్జీలు వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు చేయవచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో పని ముగించండి. ఒక పేజీలో రోజువారీ పట్టిక పెట్టండి: తేదీ, బయలుదేరే ఊరు, చేరే ఊరు, రెఫ్యూజ్ పేరు, బుకింగ్ నంబరు. బృందంలో ఒకరి పేరు మీదే బుకింగ్ ఉంటే, అందరి పేర్లతో ధ్రువీకరణ ఈమెయిల్ అడిగి తీసుకోండి. ఇది లేక వెనక్కొచ్చే ఫైళ్లు ఉన్నాయి.

మేం లండన్‌లో, డల్లాస్‌లో, మ్యూనిక్‌లో ఉంటున్నాం. మాకూ వీసా కావాలా?

ఏ దేశపు పాస్‌పోర్టు అన్నదే ముఖ్యం. భారత పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లకు, అమెరికాలో హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు షెంజెన్ వీసా కావాలి. దరఖాస్తు మీరుంటున్న దేశంలోనే. జర్మనీ వంటి షెంజెన్ దేశపు నివాస అనుమతి ఉంటే అక్కర్లేదు, ఆ కార్డు, పాస్‌పోర్టు వెంట ఉంటే చాలు.

బీమా ఎలాంటిది తీసుకోవాలి?

వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉంటే సరిపోతుంది, కొండకు సరిపోదు. పాలసీలో రెండు వాక్యాలు వెతకండి: ట్రెక్కింగ్ ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది (మీకు కనీసం 2,700 మీటర్లు కావాలి), హెలికాప్టర్ రక్షణ ఖర్చు ఇస్తారా. ఫ్రాన్స్‌లో ప్రభుత్వ పర్వత రక్షక దళం కొండ మీంచి దించినందుకు డబ్బు తీసుకోదు, ఆసుపత్రి బిల్లు మాత్రం మీదే. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ బిల్లు వేల ఫ్రాంకుల్లో వస్తుంది.

ఎంత ఖర్చవుతుంది? కార్డు పనిచేస్తుందా?

డార్మిటరీ పడక, రాత్రి భోజనం, పొద్దున్న టిఫిన్ కలిపి మనిషికి 60 నుంచి 90 యూరోలు. స్విస్ వైపు ఇంకాస్త ఎక్కువ. మధ్యాహ్నం తిండి, బస్సులు, కాఫీలు కలుపుకుంటే 11 రోజులకు సుమారు 1,100 నుంచి 1,400 యూరోలు, విమానం కాకుండా.

సిగ్నల్ లేని చోట కార్డు మిషను పనిచేయదు. లే కోంతమీన్ దాటాక కూర్మాయూర్ దాకా ఏటీఎం లేదు, కనీసం 250 యూరోల నగదు పెట్టుకోండి. స్విస్ భాగంలో యూరోలు తీసుకుంటారు, చిల్లర ఫ్రాంకుల్లో ఇస్తారు, మారకం వాళ్లకే లాభం.

## సాధన, సామాను

ఆరోగ్యంగానే ఉన్నాం. ప్రత్యేకంగా సాధన చేయాలా?

కనీసం మూడు నెలలు. జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద చదునుగా నడిస్తే దీనికి పనికిరాదు. వారానికి మూడుసార్లు 8 కిలోల సంచితో మెట్లు ఎక్కి దిగండి. దిగడం మానొద్దు, లిఫ్టులో రావద్దు. టీఎంబీలో ఇంటికి పంపించేది ఆయాసం కాదు, మోకాలు. చివరి రోజు ఒక్కటే చూడండి: 2,525 మీటర్ల బ్రెవాం శిఖరం నుంచి 1,007 మీటర్ల లెజూష్‌కు ఏకబిగిన దిగాలి. అప్పటికే పది రోజులు నడిచిన కాళ్లతో.

చివరి నెలలో వరసగా శని, ఆదివారాలు రెండు రోజులూ ఐదారు గంటలు నడవండి. ఆదివారం ఎలా ఉందన్నదే అసలు పరీక్ష.

సంచిలో ఏమేం ఉండాలి? ఎంత బరువు?

35 నుంచి 40 లీటర్ల సంచి, నీళ్లతో కలిపి 8 కిలోలు. దాటితే తీసేయడం మొదలుపెట్టండి. వంటికి రెండు జతలు చాలు, ఒకటి నడకకు, ఒకటి రాత్రికి. నూలు టీషర్టులు, జీన్సు వద్దు, చెమటకు తడిసి ఆరవు, కనుమ మీది గాలికి వణుకు పుడుతుంది. జూలైలో కూడా పైన 5 డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి, కాబట్టి ఉన్ని టోపీ, పల్చటి చేతి తొడుగులు, తేలిక స్వెటరు పెట్టుకోండి. అసలైన వాన కోటు, సంచికి తొడుగు, లోపల సామాను చుట్టడానికి మందపాటి ప్లాస్టిక్ సంచి. తొడుగు ఒక్కటే నమ్ముకుంటే వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. తలకు కట్టుకునే లైటు, సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు, బొబ్బల పట్టీలు.

నడక కర్రలు రెండు. విమానంలో చేతి సంచితో పాటు రానివ్వకపోవచ్చు, కింద వేసే సామానులో పెట్టండి.

బూట్లు ఎలాంటివి కొనాలి?

చీలమండ దాకా ఉండేవా, తేలికపాటి ట్రైల్ షూసా అన్నది మీ అలవాటు. ఏవైనా సరే, బయలుదేరే ముందు కనీసం 80 కిలోమీటర్లు నడిచి ఉండాలి. మామూలుకంటే అర సైజు పెద్దవి తీసుకోండి. దిగుడులో కాలు ముందుకు జారి బొటనవేలి గోరు బూటు కొసకు కొట్టుకుంటుంది, మూడో రోజుకు గోరు నల్లబడుతుంది. దిగే ముందు లేసులు పైభాగంలో బిగించి కట్టుకుంటే ఇది చాలావరకు తగ్గుతుంది. పాదం ఎక్కడైనా వేడెక్కినట్టు అనిపించగానే ఆగి పట్టీ వేయండి, బొబ్బ లేచాక వేస్తే ఆలస్యమే.

బరువు మోయలేం. సామాను ఎవరైనా చేరవేస్తారా?

చేరవేసే సంస్థలున్నాయి, వ్యానులో ఊరి నుంచి ఊరికి. రోడ్డు లేని రెఫ్యూజ్‌లకు మాత్రం రాదు: క్రువా డు బొనోమ్, బొనాత్తీ, లాక్ బ్లాం వంటివి. ఆ రాత్రులకు సరిపడా బట్టలు వీపు మీదే ఉండాలి. పెట్టె పొద్దున్నే, తరచూ ఎనిమిది లోపే, అప్పజెప్పాలి.

## తిండి, నీళ్లు, శుభ్రత

మేం శాకాహారులం. ఆకలితో ఉండాల్సి వస్తుందా?

ఆకలి ఉండదు, విసుగు ఉంటుంది. రాత్రి భోజనం ఏడింటికి, అందరికీ ఒకటే: సూప్, ఒక ముఖ్య వంటకం, చీజ్ లేదా తీపి. శాకాహారమని బుకింగ్‌లోనే రాయండి, చేరగానే మళ్లీ చెప్పండి. వంట మధ్యాహ్నమే మొదలవుతుంది, ఏడింటికి చెబితే పళ్లెంలోంచి మాంసం తీసి ఇస్తారు. "సాన్ వియాండ్, సాన్ పువాసోన్" అంటే మాంసం, చేపలు లేకుండా అని. వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనుకుని ఆమ్లెట్ ఇస్తారు, గుడ్డు కూడా వద్దంటే "సాన్ యూఫ్" కలపండి. సూప్ మాంసపు రసంతో చేసిందా అని విడిగా అడగాలి. అక్కడి సంప్రదాయ చీజ్‌లు, ఫోంతీనా, బోఫోర్, పార్మెజాన్, దూడ పొట్టలోంచి తీసిన, పాలను విరగ్గొట్టే రెన్నెట్‌తో చేసినవే. పట్టింపు ఉన్నవాళ్లు ఇది ముందే తెలుసుకోవడం మంచిది. పాలు కూడా వద్దనేవాళ్లకు ఈ దారి కష్టం.

పొద్దున్న బ్రెడ్డు, వెన్న, జామ్, కాఫీ. మధ్యాహ్నానికి రెఫ్యూజ్ వాళ్లు పొట్లం కట్టిస్తారు, ముందు రాత్రే చెప్పాలి.

ఇంటి నుంచి పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లవచ్చా?

కందిపొడి, కారప్పొడి, పుట్నాలపొడి నిక్షేపంగా. చప్పటి పోలెంటా (మొక్కజొన్న పిండి ముద్ద) మీద చెంచాడు కందిపొడి చల్లుకుంటే దాని దశ తిరుగుతుంది. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, మాంసం పచ్చళ్లు భారత్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ సీసా కంటే చిన్న చిన్న సీలు పొట్లాలు మేలు, నూనె కారితే పది రోజులూ ఆ వాసనతోనే. బయటి నుంచి తెచ్చిన భోజనాన్ని రెఫ్యూజ్ హాలులో పూర్తిగా తినడం బాగుండదు, పక్కన నంజుకుంటే ఎవరూ ఏమీ అనరు.

దారిలో నీళ్లు దొరుకుతాయా?

రెఫ్యూజ్‌ల దగ్గర, ఊళ్లలో తొట్టెల్లో దొరుకుతాయి. "ఓ నోన్ పోతాబ్ల్" అని రాసి ఉంటే తాగొద్దు. పైన ఆవులు, గొర్రెలు మేస్తాయి కాబట్టి వాగు నీళ్లు శుద్ధి చేయకుండా వద్దు. మామూలు రోజు 1.5 లీటర్లు, ఎండ రోజు 2 లీటర్లు.

టాయిలెట్లలో నీళ్లుంటాయా?

ఉండవు, కాగితమే. మూతకు చిన్న రంధ్రం ఉన్న మడత సీసా ఒకటి పెట్టుకోండి. నేల తడపకుండా చూసుకోండి, అందరూ సాక్సులతో తిరిగే చోటది. దారిలో అయితే వాగుకు దూరంగా వెళ్లి, వాడిన కాగితం జిప్ సంచిలో వెనక్కి తేవాలి.

## నడక రోజుల్లో

దారి తప్పిపోతామా?

వెలుతురులో, మబ్బు లేనప్పుడు అరుదు. ఫ్రాన్స్‌లో ఎరుపు తెలుపు గీతలు, ఇటలీలో పసుపు గుర్తులు, స్విట్జర్లాండ్‌లో పసుపు ఫలకాలు. ఫలకాల మీద దూరం ఉండదు, గంటలుంటాయి, అందులో విశ్రాంతి కలపరు. మూడు గంటలని ఉంటే నాలుగు అనుకోండి. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపుతో పాటు ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ కాగితపు మ్యాపులు రెండు, 3630 ఓటీ, 3531 ఈటీ, 1:25,000 కొలతవి పెట్టుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

ఫోన్ సంగతి: కొన్ని యూరోపియన్ యూనియన్ సిమ్‌లు స్విట్జర్లాండ్‌లో పనిచేయవు, కొన్న ప్లాన్‌లో ఆ దేశం పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే సరిహద్దు దగ్గర ఫోన్ స్విస్ టవర్ పట్టుకోగానే బిల్లు మొదలవుతుంది.

పొద్దున ఎన్నింటికి బయలుదేరాలి?

ఏడింటికి, ఏడున్నరకు. ఎండాకాలంలో మధ్యాహ్నం రెండు దాటాక ఉరుములు, మెరుపులు సాధారణం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆ రోజు కనుమ దాటి దిగుతూ ఉండాలి. రెండో రోజు లే కోంతమీన్ నుంచి దాదాపు 2,480 మీటర్ల క్రువా డు బొనోమ్ వరకు 1,300 మీటర్లు ఎక్కాలి, మనిషి గంటకు 300 నుంచి 350 మీటర్లు ఎక్కగలడనుకుంటే దాదాపు నాలుగు గంటలు. తొమ్మిదింటికి బయలుదేరినవాళ్లు ఎక్కడుంటారో లెక్క వేసుకోండి.

పిడుగుల సూచన ఉంటే కోల్ దె ఫూర్, ఫెనెత్ర్ దార్పెత్ వైపు వెళ్లకండి. రెండోదానిలో పెద్ద బండరాళ్ల మీద దాటుకుంటూ పోవాలి, తడిస్తే ప్రమాదం. షాంపే నుంచి బోవీన్ పచ్చిక మీదుగా పోయే మామూలు దారి ఆ రోజుకు చాలు. షమోనీలోని ఓత్ మోంటాన్ కార్యాలయంలో మంచు, దారుల పరిస్థితి ఉచితంగా చెబుతారు.

గొర్రెల మందకు కాపలా కాసే తెల్ల కుక్కలు ఎదురైతే?

పటూ అనే పెద్ద కుక్కలు అవి, తోడేళ్ల నుంచి మందను కాస్తాయి. మొరుగుతూ వస్తే ఆగండి. పరుగెత్తొద్దు, కర్ర ఎత్తొద్దు, రాయి విసరొద్దు, కళ్లలోకి తేరిపార చూడొద్దు. మీరు ప్రమాదం కాదని అది వాసన చూసి తేల్చుకోనివ్వండి. తర్వాత మందకు దూరంగా చుట్టూ తిరిగి వెళ్లండి. గొర్రెల మధ్యలోంచి ఫోటో కోసం దూరడమే గొడవకు మూలం.

ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరిని పిలవాలి?

మూడు దేశాల్లోనూ 112. ఉన్నచోటు అక్షాంశ, రేఖాంశాలు, ఎత్తు, గాయం ఏమిటి, గాలి, మబ్బు ఎలా ఉన్నాయన్నది చెప్పండి. సిగ్నల్ లేకపోతే ఈలతో నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదండి. హెలికాప్టర్ కనిపించినప్పుడు రెండు చేతులూ పైకి చాచితే సాయం కావాలని. ఒక చేయి పైకి, ఒకటి కిందికి అంటే అక్కర్లేదని. సరదాగా రెండు చేతులూ ఊపేవాళ్లు మనలో ఎక్కువ, అది మానాలి. హెలికాప్టర్ దిగేటప్పుడు టోపీలు, దుప్పట్లు, సంచులు ఎగిరిపోకుండా పట్టుకుని, పైలట్ పిలిచేదాకా కదలకండి.